ఒంటిపూట కొలువు

ఇల్లాలి సంపాదనను గురించి మన ఇళ్ళలో తరచుగా వినవచ్చే మాట "వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు" అన్నది. మగవాని జీతం వేణ్ణీళ్ళట. ఇల్లాలు తెచ్చే నాలుగు డబ్బులు చన్నీళ్ళట. పైకి చూస్తే ఈ సామెత ఆదరంగానే పలుకుతున్నట్లు తోస్తుంది. కాని కొంచెం ఆలోచించి చూస్తే దీనిలో ఒక తీర్పు ఇమిడి ఉన్నది. వేణ్ణీళ్ళు కాగడానికి పొయ్యి కావాలి, కట్టెలు కావాలి, కాచేవారు కావాలి. చన్నీళ్ళకు ఇవేవీ అక్కరలేదు. నూతిలో అవి ఎప్పుడూ ఉంటాయి, చేదుకొన్నవారికి చేదుకొన్నంత. స్త్రీ శ్రమను కూడ లోకం ఇట్లాగే ఎంచుతున్నది. అది ఖర్చు లేకుండా దొరికేదనీ, వేళాపాళా లేకుండా వాడుకోదగినదనీ, ఎంత తోడుకొన్నా తరగనిదనీ మనకొక నమ్మకం. పసిబిడ్డల తల్లి ఒక పూట పని కోసం వెదకబోయినప్పుడు ఆమెకు ఎదురయ్యే చిక్కులలో చాల భాగం ఈ నమ్మకం నుండి పుట్టినవేనని నా అభిప్రాయం.

నర్సీపట్నం మహానగరం కాదు. అట్లని పల్లెటూరూ కాదు. 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లా నుండి విడివడి ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో, చింతపల్లి ఘాటీకి దిగువన, వరాహ నదికి చేరువలో ఉన్న పట్టణం. పైన మన్యం, క్రింద మైదానం, నడుమ ఈ ఊరు. కొండ మీది నుండి దిగివచ్చే చింతపండు, పసుపు మొదలుకొని మైదానం నుండి ఎక్కిపోయే బట్టలు, ఇనుప సామాను వరకు ఎన్నో సరుకులు ఈ కూడలిలోనే చేతులు మారుతాయి. ఇక్కడ బట్టల కొట్లున్నవి, మందుల షాపులున్నవి, ప్రైవేటు బడులున్నవి, ఆసుపత్రులున్నవి, సర్కారు కచేరీలున్నవి. కాబట్టి ఈ ఊరిలో ఆడవారికి పని లేదనడం నిజం కాదు. పని ఉన్నది. తల్లి అయిన స్త్రీకి అందే గంటలలో మాత్రం లేదు.

డిగ్రీ పూర్తిచేసి, పెండ్లిళ్ళయి, ఐదారేండ్ల తరువాత ఎక్కడో కలిసే నా విద్యార్థినులు చాలమంది నన్ను అడిగేది ఒకటే. "పెద్దవాడు బడికి వెళుతున్నాడు మాస్టారూ, చిన్నదానికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. పొద్దున్న తొమ్మిది నుంచి మూడు వరకు చేసుకొనే పని ఏదైనా ఉంటే చూడండి" అంటారు. వీరిలో బి.ఏ.లు ఉన్నారు, బి.కాం.లు ఉన్నారు, బి.ఎడ్. చేసినవారు ఉన్నారు. వీరు అడిగేది దయ కాదు. రోజులో ఆరు గంటలు నికరంగా పనిచేస్తాము, ఆ ఆరు గంటల విలువ ఇప్పించండి అంటున్నారు. ఇంతకంటె సూటి అయిన బేరం మరొకటి ఉంటుందా? అయినా దీనికి జవాబు చెప్పడం నాకు ఏటికేడు కష్టమవుతున్నది.

ఊరిలో దొరికే పనులను ఒక్కొక్కటిగా గడియారం పక్కన పెట్టి చూడండి. బట్టల కొట్టులో పని ఉదయం మొదలైతే రాత్రి కొట్టు కట్టేదాకా సాగుతుంది. పండుగల నెలలలో, పెండ్లి ముహూర్తాలలో ఆ రాత్రికి మేర ఉండదు. ప్రైవేటు బడిలో పంతులమ్మ పని ఒక్కటే పిల్లల వేళలకు సరిపోతుంది. సరిపోతుంది గనుకనే దానికి పోటీ ఎక్కువ. పోటీ ఎక్కువ గనుక జీతం తక్కువ. పైగా దిద్దవలసిన పుస్తకాలు సంచిలో పెట్టుకొని ఇంటికి తెచ్చుకోవాలి. ఆ దిద్దుబాటు గంటలు ఏ లెక్కలోనూ చేరవు. కుట్టుమిషను మీద బ్రతికే తల్లికి ఇల్లు కదలనక్కరలేదన్న మాట నిజమే. కాని శ్రావణమాసంలో జాకెట్లన్నీ రేపటికే కావాలంటారు. ఆషాఢంలో మిషను మీద దుమ్ము పేరుకొంటుంది. ట్యూషను చెప్పుకొందామంటే, పరాయి పిల్లలు పుస్తకాలు పట్టుకొని వచ్చే సాయంకాలమే సొంత పిల్లలకు ఆకలి వేసే వేళ. కళాశాలలో అతిథి అధ్యాపకురాలిగా చేరితే గంటకింత అని కట్టి ఇస్తారు. పాఠం చెప్పిన గంటకే గాని, పాఠం సిద్ధం చేసుకొన్న గంటకు కాదు.

ఇక పిల్లల వేళ అనేది కూడ ఏడాది పొడుగునా ఒక్కటిగా ఉండదు. మార్చి నడిమికి ఎండలు ముదిరేసరికి మన రాష్ట్రంలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. పన్నెండున్నర దాటగానే పిల్లలు ఇల్లు చేరతారు. ఏప్రిల్ చివర మూసిన బడిని జూన్ నడిమికి గాని తెరవరు. అంటే సంవత్సరంలో ఇంచుమించు మూడు నెలలు, తొమ్మిది నుండి మూడు వరకు అన్న లెక్క తలక్రిందులవుతుంది. బడికి ఒంటిపూట ఉన్నది. తల్లి కొలువుకు మాత్రం ఒంటిపూట లేదు. ఎండదెబ్బ నుండి పిల్లలను కాపాడడానికి ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తున్నది, మంచిదే. ఆ మధ్యాహ్నం వారిని ఎవరు చూసుకోవాలన్న మాట ఉత్తర్వులో ఉండదు. అది చెప్పనక్కరలేని సంగతిగా అందరూ భావిస్తున్నారు.

పూర్వం ఈ లోటు తెలియకుండా అమ్మమ్మలు, నాయనమ్మలు కాచుకొనేవారు. ఇప్పుడు కొడుకు ఒక ఊర, కూతురు ఒక ఊర, ముసలివారు ఇంకొక ఊర. కొన్ని ఇళ్ళలో నాయనమ్మ కూడ ఏదో ఒక పనికి పోతున్నది. ఇక తండ్రి మాట చూద్దాము. కేంద్ర ప్రభుత్వ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా కాలవినియోగాన్ని గురించి సర్వే జరిపింది. ఆరేండ్లు పైబడిన వారిలో, జీతంలేని ఇంటిపనిలో చేయి పెట్టిన ఆడవారు నూటికి 81 మంది, మగవారు నూటికి 26 మంది అని దానిలో తేలింది. ఆ చేయి పెట్టిన వారిలో సైతం ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. 2024లో మరల లెక్క తీసినప్పుడు ఆడవారి వంతు 289 నిమిషాలకు దిగింది. ఆ పది నిమిషాలను మగవారు పంచుకొన్నారేమో అనుకొంటే, వారి వంతు కూడ 88కి దిగింది! ఐదు గంటల కొలువు ఇంటిలోనే చేస్తూ తీరిక గంటలలో పని వెదుకుతున్న స్త్రీని మనం "ఖాళీగా ఉన్నది" అని వ్యవహరిస్తున్నాము.

దీనికంతకూ ఇంటి నుండి చేసే పనియే మందు అని ఈ మధ్య పెద్దలు చెబుతున్నారు. 2025 ఫిబ్రవరిలో రాష్ట్ర ముఖ్యమంత్రి, ముఖ్యంగా స్త్రీల కోసం, ఇంటి నుండి పనిచేసే విధానాన్ని విస్తృతంగా ప్రోత్సహించబోతున్నట్లు ప్రకటించారు. మంచి ఆలోచనే. రోజూ బస్సులో పోయే కాలం కలిసివస్తుంది, పిల్లలు కంటి ఎదుట ఉంటారు. అయితే ఇంటి నుండి పని అనేది కంప్యూటరుతో పాటు పుట్టిన వింత కాదు. మన తెలుగుదేశంలోనే దానికి నూరేండ్లకు మించిన చరిత్ర ఉన్నది. పేరులో మా ఊరికి చుట్టరికం ఉన్నట్లు తోచే నరసాపురంలో, గోదావరి ఒడ్డున, ఆ చరిత్ర సాగింది. కొత్త పథకం వేసేవారు ముందుగా దానిని చదవవలసి ఉన్నది.

పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. కొక్కెం సూది, దారం, ఓపిక, ఇవే పెట్టుబడి. క్రమంగా అది విదేశాలకు ఎగుమతి అయ్యే వ్యాపారంగా ఎదిగింది. దళారి దారం తెచ్చి ఇస్తాడు. ఇల్లాలు అరుగు మీద కూర్చుండి అల్లుతుంది. ఒకరు పువ్వు అల్లితే మరొకరు అతుకుపని చేస్తారు. అన్నీ కలిసి బల్లగుడ్డలై సముద్రాలు దాటుతాయి. 1970వ దశకం చివర మరియా మీస్ అనే జర్మను సమాజశాస్త్రవేత్త అక్కడికి వచ్చి, ఆ స్త్రీల దినచర్యను గంట గంటకూ లెక్కకట్టి, 1982లో ఒక గ్రంథం ప్రకటించారు. ఆ పనిలో ఉన్న ఆడవారి సంఖ్య లక్షకు పైబడినది. వారు రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. వంట, నీళ్ళు, పిల్లలు దీనికి అదనం. ఇంత చేసినా వారికి ముట్టేది పొలం కూలికంటె తక్కువ. అయినా వర్తకులు దానిని "తీరిక వేళల పని" అన్నారు. జనాభా లెక్కలలో వారిలో అత్యధికులు పనివారుగా నమోదు కానేలేదు. విచారమేమంటే, గడప దాటకుండా సంపాదించడం పరువుగా ఎంచి, పొలం కూలికి పోయి తమకంటె ఎక్కువ తెచ్చుకొనే దళిత స్త్రీలకంటె తామే ఉన్నతులమని ఆ ఇల్లాండ్రు నమ్మారు.

ఈ కథలో మనకు పనికివచ్చే పాఠం ఉన్నది. ఇంటిలో చేసే పని పిల్లల పెంపకానికి అనువుగా ఉన్నమాట నిజమే. కాని ఇంటిలో చేస్తున్నందువల్లనే దాని గంటలు కనబడకుండా పోయినవి. గంటలు కనబడనందువల్ల దాని ధర పడిపోయింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది, సంతోషించవలసిన విషయం. సరుకుకు వచ్చిన గుర్తింపు అల్లిన చేతికి కూడ వచ్చిందా అన్నదే ప్రశ్న. రేపు కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేసే తల్లికి కూడ ముక్కకింత అని కట్టి, గంటల లెక్క ఎత్తకపోతే, దారం బదులు తీగ వచ్చిందే గాని స్థితి మారలేదనవలసి వస్తుంది. ఇంటిపట్టున చేసే పనివారికి తక్కిన కూలీలతో సమానమైన హక్కులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఒక ఒడంబడిక చేసింది. దానికి రెండేండ్లు ముందు, 1994లో, పార్ట్ టైమ్ పనివారిని గురించి అటువంటిదే మరొకటి చేసింది. ఈ రెంటినీ మన దేశం ఇంతవరకు ఆమోదించలేదు.

ఇంటిని విడిచి వీధిలోనికి వద్దాము. గ్రామాలలో, పట్టణాలలో తల్లులకు దగ్గరగా ఉన్న కొలువు అంగన్‌వాడీ. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. పసివాళ్ళకు ఆటపాటలు, అన్నం, గుడ్డు. గర్భిణులకు, బాలింతలకు పోషకాహారం. తూకాలు, కొలతలు, టీకాలకు పిలుపులు, ఇంటింటి సర్వేలు. ఇటీవల వీటికి తోడు సెల్‌ఫోనులో వివరాల నమోదు. ఇన్ని పనులు చేసే ఆమెను ఉద్యోగి అనరు, కార్యకర్త అంటారు. ఆమెకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 'గౌరవం' అన్న మాట 'గురు' శబ్దం నుండి వచ్చింది. దానికి మొదటి అర్థం బరువు. ఈ వేతనంలో బరువెంతో చూడండి: 2023 డిసెంబరు నాటికి మన రాష్ట్రంలో కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. ఆ నెల 12వ తేదీన వారు సమ్మెకు దిగారు. 2024 జనవరిలో ప్రభుత్వం వారిమీద అత్యవసర సేవల చట్టాన్ని ప్రయోగించింది. నలభై రెండు దినాల తరువాత సమ్మె ముగిసింది. జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవ అయినది, పని ఆపినప్పుడు అత్యవసర సేవ అయినది. ఒకే పనికి ఈ రెండు పేర్లు ఎట్లా పొసగుతాయో తర్కశాస్త్రం చదివినవారు చెప్పాలి.

ఈ సందర్భంలో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న ఇచ్చిన తీర్పు స్మరించదగినది. గుజరాతు నుండి వచ్చిన ఆ వ్యాజ్యంలో, అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని న్యాయస్థానం తేల్చింది. వారు చేసేది పార్ట్ టైమ్ పని అన్న వాదాన్ని, వారి విధుల జాబితా చూసిన తరువాత, అంగీకరించలేదు. దేశంలోని అత్యున్నత న్యాయస్థానం దాకా పోయి "ఇది పూటపని కాదు, పూర్తి పని" అనిపించుకోవలసి వచ్చిందంటే, పార్ట్ టైమ్ అన్న పేరును మనం ఎందుకు వాడుకొంటున్నామో తేటపడుతుంది. కాలం తగ్గించడానికి కాదు, ధర తగ్గించడానికి. బడులలో మధ్యాహ్న భోజనం వండే తల్లుల సంగతీ ఇంతే. తమ పిల్లలు బడిలో ఉన్న వేళనే పని కనుక అది వారికి సరిగా నప్పింది. నప్పిన ఆ పనికి మన రాష్ట్రంలో 2019లో నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం నిర్ణయించారు. అదియును అంతకు ముందున్న వేయి రూపాయల నుండి పెంచిన మీదట.

మరి తల్లుల కాలానికి తగినట్లుగా పనిని మలచడం అసాధ్యమా? కాదని చెప్పడానికి మన పల్లెలలోనే ఒక దృష్టాంతం ఉన్నది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం క్రింద మన రాష్ట్రంలో జరిగిన పనిదినాలలో సగానికి పైగా ఆడవారివే. కారణాలు వెదకడానికి దూరం పోనక్కరలేదు. పని ఊరికి ఐదు కిలోమీటర్ల లోపల ఉండాలి. ఆడ మగ కూలి భేదం ఉండరాదు. కొలత ప్రకారం పని కనుక వేసవిలో తెల్లవారుజామున దిగి ఎండ ముదరక ముందే ఇల్లు చేరవచ్చు. ఆరేండ్ల లోపు పిల్లలు ఐదుగురు అక్కడికి వస్తే, వారిని చూసుకోవడానికి ఒక స్త్రీని కూలి ఇచ్చి నియమించాలి. ఈ చివరి నియమం అన్నిచోట్ల అమలు కాకపోయినా, పసిబిడ్డను చూసుకోవడం కూడ కూలి ఇవ్వదగిన పనియే అని ఒక చట్టం ఒప్పుకోవడం సామాన్యమైన విషయం కాదు. ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు వేరొక చట్టాన్ని ఆమోదించింది. చట్టాలు మారవచ్చు. దగ్గర పని, తక్కువ గంటలు, సమాన కూలి, బిడ్డకు నీడ అన్న ఈ నాలుగు సూత్రాలు మాత్రం మారరాదు.

పట్టణాలలోను, కర్మాగారాలలోను మన చూపు వేరుగా ఉన్నది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఆడకూలీలున్నచోట శిశుగృహం ఉండాలన్నది. 1976 సవరణ తరువాత ముప్పదిమందికి మించి స్త్రీలున్న ఫ్యాక్టరీకి ఆ నియమం వర్తించింది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, సెలవును 26 వారాలకు పెంచి, యాభైమంది ఉద్యోగులున్న ప్రతి సంస్థా శిశుగృహం నడపాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చునన్నారు. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ యాభై నిలిచింది. కాని నర్సీపట్నం వంటి ఊళ్ళో యాభైమంది పనిచేసే కొట్టు ఎక్కడున్నది? ఇద్దరు, నలుగురు, పదిమంది. చట్టం నీడ అచ్యుతాపురం వస్త్ర కర్మాగారాల దాకా పోతుందేమో గాని, మా బజారులోనికి రాదు. అంగన్‌వాడీ ఉన్నది గదా అనవచ్చు. అక్కడ కూర్చుండబెట్టేది మూడేండ్లు నిండిన పిల్లలను; అంతకంటె చిన్నవారికి ఆహారం పొట్లాలుగా ఇంటికి ఇస్తారు. తల్లికి గొప్ప చిక్కు వచ్చేది ఆ మొదటి మూడేండ్లలోనే. అంగన్‌వాడీలలోనే శిశుగృహాలు నడిపే పథకం 'పాల్నా' పేరుతో 2022లో కేంద్రం తెచ్చింది. ఊయల అని దాని అర్థం. ఆ ఊయల ప్రతి పేటలోను ఊగితే గాని ఫలితం కనబడదు. ఇంతలో 2025లో రోజుకు తొమ్మిది గంటలున్న పని పరిమితిని పదికి పెంచడానికి మన రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. తల్లి ఆరు గంటల పని అడుగుతుంటే మనం పది గంటల పనిని చూపిస్తున్నాము.

నా మాటలకు రెండు వైపుల నుండి ఆక్షేపణలు రాగలవు. బిడ్డలు చిన్నవారుగా ఉన్నంతకాలం తల్లి ఇంటిపట్టున ఉండడమే ధర్మం, ఉద్యోగం పురుషలక్షణం గదా అని కొందరంటారు. సంస్కృతంలో ఉద్యోగమంటే ప్రయత్నం, పూనిక. నెలజీతం అన్న అర్థం తెలుగులో తరువాత స్థిరపడింది. ప్రయత్నమే ఉద్యోగమైతే, తెల్లవారుజామున లేచి రాత్రి పదింటికి నడుం వాల్చే ఇల్లాలికి మించిన ఉద్యోగి ఎవరు? పైగా తల్లి ఇంటిపట్టున ఉండే ఆచారం మన దేశంలో కలిగినవారిదే గాని అందరిదీ కాదు. గట్టు మీది చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టి నాట్లు వేసిన తల్లులు, చెరకు తోటలలో కలుపు తీసిన తల్లులు ఈ ప్రాంతమంతటా ఉన్నారు. వారిని ఎన్నడూ ఎవరూ ఇంటిపట్టున ఉండమని కోరలేదు.

రెండవ ఆక్షేపణ అభ్యుదయవాదులది. పూటపని ఒక ఉచ్చు. దానిలో అడుగు పెట్టిన స్త్రీ పై మెట్టు ఎక్కలేదు. కావలసింది పూర్తి ఉద్యోగం, దానికి తోడు శిశుగృహం అని వారంటారు. ఈ మాటలో బలమున్నది. హాలండు దేశంలో 1996లోనే గంటలు తక్కువైనంత మాత్రాన పనివారిపై వివక్ష చూపరాదని శాసనం చేశారు. 2000లో, గంటలు తగ్గించమనిగాని పెంచమనిగాని యజమానిని కోరే హక్కు కల్పించారు. ఇంత చేసినా అక్కడ పూటపనిలో ఉన్నవారిలో ఎక్కువమంది స్త్రీలే. కాని ఆ రెండవ శాసనంలోని 'పెంచమని' అన్న మాటను గమనించండి. ఉచ్చుకూ ద్వారానికీ ఉన్న తేడా అదే. పిల్లలు ఎప్పటికీ పసివాళ్ళుగా ఉండరు. ఐదారేండ్లు గంటలు తగ్గించుకొని, తరువాత పూర్తి పనికి తిరిగి వెళ్ళగలిగితే పూటపని మజిలీ అవుతుంది. తిరిగి వెళ్ళలేకపోతేనే ఉచ్చు.

ఆ తిరుగుదల మార్గం మనవారికి తెలియనిది కాదు. చదువు నడుమ ఆపివేసిన స్త్రీల కోసం దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు అధ్యక్షురాలుగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో సంక్షిప్త విద్యాకోర్సులు ప్రారంభించింది.  ఆపిన చదువుకు నాడు దొరికిన ఆదరం, ఆపిన ఉద్యోగానికి నేడు దొరకాలి. పిల్లల కోసం విరామం తీసుకొన్న స్త్రీ దరఖాస్తులో ఆ ఐదేండ్లను ఖాళీగా చూడని యజమాని కావాలి.

ఇక చేయదగిన పనులు. ఇవి మా ఊరికే కాదు, మావంటి ప్రతి పట్టణానికీ వర్తిస్తాయి. మొదటిది, బజారుకు చేరువగా, మూడేండ్ల లోపు పిల్లలకు పురపాలక సంఘం శిశుగృహాలు నడపాలి. చిన్న దుకాణదారులు తలా కొంత చందా వేసుకొని దానికి తోడ్పడవచ్చు. యాభైమంది ఒక కొట్టులో లేకపోవచ్చు గాని, ఒక వీధిలో ఉంటారు. రెండవది, ఒంటిపూట బడులు నడిచే వారాలలో మధ్యాహ్నాలు పిల్లలను ఉంచడానికి బడిలోనే ఒక గది తెరిచి, చూసుకొన్నవారికి కూలి ఇవ్వాలి. మూడవది, పది పన్నెండు గంటల దుకాణపు రోజును ఇద్దరికి పంచాలి. కొత్తవారికి పని నేర్పే శ్రమ రెండింతలవుతుందని షావుకారు అనవచ్చు. నిలువు కాళ్ళ మీద పన్నెండు గంటలున్న మనిషి కంటె ఆరు గంటలున్న మనిషి బేరం బాగా కుదురుస్తుందని ఆయనకూ తెలుసు. నాల్గవది, ముక్కకింత అని కట్టే ప్రతి పనికీ, కుట్టయినా, అల్లికయినా, కంప్యూటరు పనియైనా, గంటకు ఎంత పడుతున్నదో లెక్క చూపాలి. అది కనీస వేతనానికి తగ్గరాదు. ఐదవది చట్టంతో అయ్యేది కాదు. ఆ 88 నిమిషాలను ఇంటి మగవారు పెంచుకోవాలి.

వీటిలో ఏదియును విప్లవం కాదు. సగం కాలానికి సగం జీతం ఇస్తే న్యాయం. పూర్తి కాలం తీసుకొని సగం జీతం ఇచ్చి, దానికి గౌరవమనో, తీరికపని అనో, చన్నీళ్ళనో పేరు పెడితే అది అన్యాయం. ఇంతే నేను చెప్పదలచినది. ఆడపిల్లల చదువుకు మన సమాజం నూరేండ్లుగా చాల పాటుపడింది. మా కళాశాలల తరగతి గదులలో ఈనాడు వారు మగపిల్లలకు ఏమాత్రమూ తీసిపోవడం లేదు. ఆ చదువంతా మొదటి కానుపుతో అటక ఎక్కవలసిందేనా? తొమ్మిది నుండి మూడు వరకు నికరంగా పనిచేస్తామంటున్న ఈ చదువుకొన్న తల్లులకు, ఆ ఆరు గంటలకు తగిన పనిని, తగిన ధరను చూపడానికి పురపాలకులు, వర్తక ప్రముఖులు, విద్యాధికులు కలిసి ఒకచోట కూర్చుండి యోచింతురు గాక. రాబోయే మార్చిలో ఒంటిపూట బడులు మరల మొదలవుతాయి. అప్పటికైనా ఆ మధ్యాహ్నాలకు ఒక ఏర్పాటు జరిగితే, మొదటి అడుగు పడినట్లే.